మూడు రంగుల వైర్లు

2023 ఎండాకాలం. తింజాన్ నీళ్ళ పండగ దగ్గర పడుతోంది. రంగూన్‌లో, అదే ఇప్పటి యాంగన్‌లో, కరెంటు వంతుల మీద వచ్చేది. ఒక పేటకి ఉంటే పక్క పేటకి ఉండేది కాదు. పబేడాన్ పేటలో మా నాన్న పెట్టిన రేడియో షాపు నా చేతికి వచ్చేసరికి టీవీల షాపు అయింది. వీధివైపు అద్దాల వెనక కొత్త టీవీలు, లోపల గోడౌన్‌లో పాత మోడళ్ళు.

ఎప్పటిదో మోడల్ ఇంకా ఎందుకు అమ్ముతున్నారని చాలామంది అడుగుతారు. అమ్ముడుపోని సరుకు పేదవాళ్ళకి అంటగడుతున్నామని వాళ్ళ అనుమానం. కొత్త సరుకు దిగుమతి కావడం కష్టమైన మాట నిజమే. కానీ అసలు కారణం కొనేవాళ్ళ ఇళ్ళలో ఉంటుంది. పాత మోడల్ వెనక ఎరుపు, తెలుపు, పసుపు రంగుల్లో మూడు సాకెట్లు ఉంటాయి. వాటిని ఏ.వి. సాకెట్లు అంటాం. పాత డిష్ రిసీవర్ వైర్లు తిన్నగా వాటిలో దిగుతాయి. సెట్టు చిన్నది కాబట్టి బ్యాటరీ మీద ఎక్కువసేపు నడుస్తుంది. పాడైతే బాగుచేసేవాడు దొరుకుతాడు.

కొత్తవాటిలో ఆ మూడూ తీసేసి ఒక చిన్న రంధ్రం పెట్టారు. పాత రిసీవర్ తగిలించాలంటే మధ్యలో అడాప్టర్ లీడ్ కావాలి. జానెడు తీగ అది. ఒక కొసన సన్నటి పిన్ను, రెండో కొసన మూడు రంగుల సాకెట్లు. ఈ లీడ్లన్నీ చూడటానికి ఒకలాగే ఉంటాయి, లోపలి తీగల వరస మాత్రం కంపెనీ కంపెనీకి మారుతుంది. ఒక కంపెనీ లీడ్ ఇంకో కంపెనీ టీవీకి పెడితే చక్కగా దిగుతుంది. బొమ్మ మాత్రం రాదు.

ఆ జానెడు తీగ వల్ల ఇక్కడి మా తెలుగువాళ్ళలో ఒకామె మీద ఒక మాట పడింది. అది తప్పని చెప్పాల్సినవాణ్ణి నేనే.

ఎర్రమ్మ పిన్ని ఇల్లు మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, రైల్వేస్టేషన్‌కి దగ్గర. బర్మావాళ్ళు ఆమెని డా సాన్ అంటారు. మాకు చుట్టరికం లేదు, చిన్నప్పుడు గుళ్ళో అలవాటైన పిలుపు. ఆమె భర్త అప్పారావు బాబాయి రేవులో ఓడల సరుకు చూసే పనిచేసి రిటైరయ్యాడు. పక్షవాతం వచ్చి మాట పోయింది. అయినా పొద్దున్నే తెలుగు ఛానెల్లో భక్తిపాటలు వస్తుంటే పెదవులు కదిపేవాడు. ఒక్కోసారి పాటలో చివరిమాట బయటికి వచ్చేది. తెలిసిన పాటలు రోజూ వినిపించండి, మాట కొంతైనా తిరిగి రావచ్చు అని డాక్టర్ చెప్పాడు. అలాంటి సమయంలో వాళ్ళ టీవీ కాలిపోయింది.

పిన్ని మా షాపుకొచ్చి పాతదానిలాంటిదే కావాలంది.

"మూడు రంగుల వైర్లు దూరాల బాబూ. ఇంకేటీ అక్కర్నేదు నాకు."

గోడౌన్‌లో అలాంటివి ఉన్నాయి. కానీ డెల్టా ఊళ్ళకి సరుకు తీసుకెళ్ళే వ్యాపారి ఒకడు ఆ లాటు మొత్తం తనకే ఉంచమన్నాడు. సోలార్ బ్యాటరీల మీద బతికే ఊళ్ళలో వాటికి మంచి గిరాకీ. లాటులోంచి ఒకటి తీస్తే పేచీ పెడతాడు. అందుకని మా వీధిలో అందరూ చెప్పేదే నేనూ చెప్పాను. అయిపోయాయి పిన్నీ అని కొత్తది చూపించాను. పెట్టె విప్పితే అందులో లీడ్ లేదు. సొరుగులోంచి ఒకటి తీసి ఆ పెట్టెలో పడేశాను. వేసి చూపించకుండా టీవీ పంపకూడదన్నది మా నాన్న నేర్పిన పద్ధతి. అప్పుడు మా పేటకి కరెంటు లేదు. జనరేటర్ వేయించి చూడొచ్చు. వేయించలేదు.

మర్నాడు ఫోన్ చేసింది. నీలం తెర తప్ప ఏమీ రావడం లేదంది. రిమోట్‌లో ఇన్‌పుట్ బటన్ నొక్కి తెరమీద ఏ.వి. అన్నచోట ఆపమన్నాను. నొక్కానంది. సరిగ్గా నొక్కలేదు, మనవరాలిచేత నొక్కించు అన్నాను. మనవరాలు తందా నొక్కినా అంతే. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం బర్మా భాషలో చెప్తుంది. మామ్మే అంతకుముందు ఏవేవో నొక్కి టీవీకి కూడా నోరు పడిపోయేలా చేసిందని నవ్విందట.

ఆ మాట పిన్నే చెప్పింది, రిమోట్ రుమాల్లో చుట్టుకుని షాపుకి వచ్చినప్పుడు. ఇన్‌పుట్ బటన్ తప్పిపోకుండా దానిమీద చెంపలకి రాసుకునే తనకా గంధంతో చుక్క పెట్టుకుంది. "ఇంకోపాలి సూపించు. ఈపాలి మరిసిపోను," అంది. షాపులో ఉన్న ఇంకో కంపెనీ టీవీ మీద నొక్కించాను. బొమ్మ వచ్చింది. పిన్ని సంతోషంగా వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక నాకెందుకో అనుమానం వచ్చి సొరుగు చూశాను. లీడ్లన్నీ వేరే కంపెనీవి. సరైనది బజారంతా అడిగినా పండగ తరవాతే అన్నారు. మిగిలిన దారి ఒక్కటే, గోడౌన్‌లోంచి పాత మోడల్ ఒకటి తీసి పంపడం. అది చేస్తే అయిపోయాయన్న మాట అబద్ధమని తేలుతుంది. ఊరుకున్నాను. పిన్ని మళ్ళీ ఫోన్ చేసినప్పుడు కూడా జాగ్రత్తగా నొక్కమనే చెప్పాను. పండగ ముందు డెల్టా వ్యాపారి లారీ వచ్చింది. నేను దగ్గరుండి లాటంతా ఎక్కించాను.

పండగ అయ్యాక లీడ్ దొరికింది. జేబులో వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మం ముందు చెప్పులు చాలా ఉన్నాయి. నీళ్ళ పండగలోనే బాబాయికి మళ్ళీ పక్షవాతం వచ్చిందట, వీధుల్లో జనం వల్ల ఆస్పత్రికి బండి ఆలస్యంగా దొరికిందట, బాబాయి పోయాడట. టీవీ లేకపోవడం వల్ల పోయాడని నేను అనను, డాక్టరూ అనలేదు. కానీ చివరి రోజుల్లో పొద్దున్నే ఆ నీలం తెరవైపు చూస్తూ పడుకునేవాడట. పెదవులు కదపడం మానేశాడట.

పిన్ని వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెబుతోంది. "నాకు నొక్కడం వొచ్చుంటే ఆకర్న ఒక పాటేనా ఇనేవోడు."

టీవీ మీద రిమోట్ ఉంది. దానిమీద తనకా చుక్క ఎండి పెచ్చులు లేచింది. లీడ్ జేబులోనే ఉంచుకుని కాసేపు కూర్చుని వచ్చేశాను.

ఆ మాట గుడి దాకా పాకింది. పాపం, ఎర్రమ్మకి నొక్కడం రాక మొగుడికి పాట లేకుండా చేసిందని జాలిగానే అనుకునేవారు. నేను విన్నాను. ఔననలేదు, కాదనలేదు.

ఈ ఏడాది ఎండల్లో పిన్ని తందాతో ఫ్యాన్ కొనడానికి వచ్చింది. వేసి చూడు పిన్నీ అన్నాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "నువ్వు నొక్కవే," అంది తందాతో. లిఫ్ట్ బటన్ కూడా మామ్మ ముట్టుకోదని తందా చెప్పింది.

అప్పుడు చెప్పాను. గోడౌన్, లీడ్, లారీ, జేబు, అన్నీ. తందా ఫోన్ చూడటం ఆపేసింది. పిన్ని ఫ్యాన్ వదిలి నావైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను.

"అయితే నాను సరిగ్గానే నొక్కేనా?"

"సరిగ్గానే నొక్కేవు పిన్నీ."

"ఇన్నావా?" అంది తందాతో. తందా బర్మా భాషలో ఏదో గొణిగి మామ్మ చెయ్యి పట్టుకుంది. నన్ను క్షమించానని పిన్ని అనలేదు. ఆ ఫ్యాన్ కొనలేదు. మళ్ళీ మా షాపుకి రాలేదు.

ఇప్పుడు గోడౌన్‌లో పాత మోడళ్ళు ఎవరికీ మొత్తంగా మాటివ్వను. లీడ్ వేసి బొమ్మ చూపించకుండా పెట్టె కట్టను. నొక్కడం రావడం లేదని ఎవరైనా ఫోన్ చేస్తే, ఏం నొక్కారని అడగడం మానేశాను. ముందు నేను ఏ తీగ ఇచ్చానో చూసుకుంటాను.