బఖీత్ మామ ధూపం

మా ధోఫార్ కొండల్లో మొదటి డీజిల్ పంపు తిప్పిన చెయ్యి బఖీత్ మామది. టెలిఫోను స్తంభాలు పాతిందీ ఆ చెయ్యే. ఇప్పుడు ఊరి ఆసుపత్రిలో ఇంటర్నెట్ తెచ్చే రెండు సిమ్ముల రౌటర్ పెట్టెకు ఆయనే దిక్కు. రోజూ పొద్దున్నే లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి, సొంత చెట్టు సాంబ్రాణి ఆ పెట్టె కిందే పొగ వేస్తాడు. అతిథికి చేసే మర్యాద దానికీ చెయ్యాలంటాడు.

ఆ రోజు వానాకాలపు పొగమంచు కొండదారిని కప్పేసింది. నిండు చూలాలు ఘాలియాను ఆ మంచులో కింది పెద్దాసుపత్రికి దించాలో వద్దో సలాలా పట్నంలోని డాక్టరు చెప్పాలి. అందుకు కడుపులోని బిడ్డ గుండె కొట్టుకునే గీతలు ఆ పెట్టె గుండా ఆయనకు చేరాలి. మొదటి సిమ్ముకు సిగ్నల్ పోయింది, దాని బదులు రెండోది అందుకోలేదు.

"పంపునే లొంగదీశాను, ఇదెంత," అన్నాడు మామ.

"ఆ పంపుకి ఇప్పుడు మేకలు వీపు గోక్కుంటున్నాయి మామా, కానీయ్," అంది నర్సు తుఫూల్.

పెట్టె ఆపి, రెండో సిమ్ము తీసి తన ఫోనులో వేశాడు. అక్కడా పలకలేదు. తీసి వేలితో తడిమితే బంకగా తగిలింది. వాసన చూశాడు. తన సాంబ్రాణే. స్పిరిట్ దూది అడిగి సిమ్మునూ, అది కూర్చునే గాడినీ ఓపిగ్గా తుడిచి మళ్ళీ పెట్టాడు. పచ్చదీపం వెలిగింది. గీతలు వెళ్ళాయి. "భయం లేదు, అక్కడే ఉంచండి," అన్నాడు డాక్టరు.

"ఇంతకీ పెట్టెకేం జబ్బు మామా?" అంది తుఫూల్.

"మర్యాద ఎక్కువైంది," అని ధూపం కుండ ఎత్తి గడప బయట పెట్టాడు.