గిరగిరా తిరిగే నట్టు

మొన్న గవర్నర్‌పేటలో తన సైకిల్ షాపుకి అడ్డంగా కారు పెట్టిన ఆసామితో కరిముల్లా ఒక్క మాట తూలలేదు. కారు ముందు పీట వేసుకుని, అతగాడు తిట్టీ తిట్టీ అలిసిపోయి బండి వెనక్కి తీసేదాకా పంచర్లు వేస్తూ కూర్చున్నాడు. పక్కన ఇడ్లీలమ్మే సుబ్బరత్నం ఆ గెలుపు కళ్లారా చూసింది. ఏ సైకిలు వచ్చినా ముందు చేతులు తుడుచుకుని, బిస్మిల్లా అనుకుని, చెవి ఫ్రేముకి ఆనించి వినే మనిషి అతను.

ఇవాళొచ్చిన సైకిలు ఖరీదైనది. నీళ్లసీసా బిగించే నట్టు ఫ్రేములో పట్టు వదిలేసి, స్క్రూ తిప్పితే దాంతోపాటే గిరగిరా తిరుగుతోంది. ఎడంచేత్తో దాని అంచుకింద స్క్రూడ్రైవరు దూర్చి ఆపి, కుడిచేత్తో డ్రిల్లు పెట్టి ఆ అంచు కోసెయ్యాలి. వెంట్రుకవాసి జారితే పల్చటి గొట్టానికి చిల్లు పడుతుంది, ఫ్రేము ఇక పారెయ్యాల్సిందే. కరిముల్లా డ్రిల్లు ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు.

"ఏంటయ్యా, దానికి హారతిస్తున్నావా?" అంది సుబ్బరత్నం.

అతను నవ్వలేదు. ఇంకా స్విచ్చి నొక్కని డ్రిల్లు మొన అతని చేతిలో వణుకుతోంది. అది చూసి ఆమె చేతిలో గరిటె పక్కన పెట్టేసింది.

"నెల్లాళ్ల నుంచీ ఇంతే అక్కా. ఇంట్లో ఎవరికీ తెలీదు. భయమేస్తోంది," అన్నాడు రోడ్డు వంక చూస్తూ. "ఆ షట్టరు సగం దించి, ఇలా వచ్చి నా మణికట్టు గట్టిగా పట్టుకో."