నేను పగలగొట్టిన సముద్రపు నత్త

రాష్ట్రమొచ్చిన కొత్తల సంగతి. ఆ రోజుల్ల కొత్తగ కొలువుల చేరినోళ్లకు పని కంటె భయమే ఎక్కువ ఉండె. నాకైతే చాక్‌పీసు కిందవడ్డా కొలువు పోతదేమో అనిపించేది. హుజూర్‌నగర్ల ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీల జువాలజీ చెప్పేతందుకు చేరి అప్పటికి మూడు నెలలు. మా ఇంట్ల డిగ్రీ దాక పోయింది నేనే మొదలు కాబట్టి మా బాపు ఫోన్ల గూడ నన్ను 'మేడం' అనే పిలిచేటోడు (కోపమొస్తే మాత్రం 'ఓ పిల్లా').

కాలేజీ గుర్తింపు ఉంచాల్నా తీసెయ్యాల్నా అని చూసేతందుకు పైనుంచి ఒక పెద్ద మేడం వస్తదని తెలిసింది. "మ్యూజియం నీ జిమ్మనమ్మా, మంచిగ చూసుకోవాలె" అన్నడు ప్రిన్సిపాల్ సారు. మ్యూజియమంటే ఒక అల్మారి, పదకొండు సీసలు. అన్నిట్ల విలువైంది సముద్రం అడుగున బతికే ఒక నత్త గుల్ల. పక్కన చీటీల ఇట్ల రాసి ఉంది: గుల్ల తెల్లగ, పలుచగ, మెలికలు తిరిగి రేగ్గాయంత ఉంటది, ఎండపొడ సోకని లోతుల బురదల బతుకుతది, హిందూ, పసిఫిక్ మహాసముద్రాలల్ల దొరుకుతది. నేను దాన్ని తడిబట్టతోని గట్టిగ తుడిచిన. 'పలుచగ' అని ఎందుకు రాసిన్రో అప్పుడు సమజయింది. మూడు ముక్కలు.

ఎవ్వరికీ చెప్పలే. ముక్కల్ని కాయితంల చుట్టి బ్యాగుల ఏసుకున్న. మధ్యాహ్నం కొంగు నడుముకు చెక్కుకోని కాలేజీ ఎనుక పొలంగట్టుకు పోయి, ఎండకు తెల్లగ పాలిపోయిన చిన్న నత్తగుల్లను ఏరుకొచ్చి, కడిగి ఆ జాగల పెట్టిన. అచ్చం అట్లనే ఉందనుకున్న (అనుకోవాలె గద మరి).

తెల్లారి పెద్ద మేడం వచ్చి, పదకొండు సీసలుండంగ సక్కగ దాన్నే చేతిలకు తీసుకున్నది. నేను చీటీల ఉన్నదంత గడగడ ఒప్పజెప్పిన.

"ఎండపొడ గూడ సోకదా?"

"సోకదు మేడం. అంత లోతు."

ఆమె గుల్లను తిప్పి అరచేతిల తట్టింది. ఎండిన మట్టి, దానెంట ఒక వడ్లగింజ రాలినయ్.

"పసిఫిక్ మహాసముద్రంల వరి ఎప్పుడు నాటిన్రమ్మా?"

ప్రిన్సిపాల్ సారు కిటికిలకెల్లి బయటికి చూడవట్టిండు. నేను బ్యాగులకెల్లి కాయితం పొట్లం తీసి ఆమె ముంగట పెట్టి, "నేనే పగలగొట్టిన మేడం. గిది మన ఎనుక పొలంది" అన్న.

ఆమె ముక్కల్ని చూసింది. నన్ను చూసింది. "సరే, మరి దీని గురించి చెప్పు."

చెప్పిన. నీళ్లల్ల ఉంటె మొప్పతోని, గట్టు మీద ఉంటె ఊపిరితిత్తితోని గాలి పీల్చుకుంటదని, ఎండాకాలం మూత బిగించుకోని బురదల పండుకుంటదని, వానలు పడంగనే మా అవ్వ గంపెడు ఏరుకొచ్చి పులుసు పెట్టేదని. ఎంతసేపు మాట్లాడిన్నో నాకే తెల్వదు.

"సముద్రం గురించి చెప్పినంతసేపు పైకప్పు చూసినవ్. ఇప్పుడు నన్ను చూసి చెప్తున్నవ్" అన్నదామె. "దీనికి దీని పేరే రాసిపెట్టు. అది పగిలిందని నేను రాసుకుంట."

గుర్తింపు పోలేదు, నా కొలువూ పోలేదు. ప్రిన్సిపాల్ సారు మాత్రం నెల దినాలు గొణిగిండు, "అంత బాగ చెప్పినవ్ గానీ, పులుసు ముచ్చట ఎందుకమ్మా?" అని.

ఆనాటి ఫొటో ఒకటి ఇంక నా ఫోన్ల ఉంది. కొత్త చీరకు ఉన్న పిన్నులన్ని పెట్టుకోని, ఊపిరి బిగబట్టి నిలవడ్డ ఒక బక్కపిల్ల. చూసినప్పుడల్ల నవ్వొస్తది. ఆ పిల్లను జర దగ్గరికి తీసుకోని, "ఏం కాదు తీ" అని చెప్పబుద్ధయితది.