మా అత్త చేత్తో వేసిన జుకిని

జుకిని తీగ సాగదు, పందిరి ఎక్కదు. ఉన్నచోటే చతికిలబడి నాలుగు పక్కలా విస్తరాకంత ఆకులు చాపుకుంటుంది. ఈ ముక్క మా అత్తకి చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. "గుమ్మడి జాతంటావు, పాకదంటావు. పాకని పాదేటే?" అంటుంది ఆవిడ. అని ఊరుకుందా? నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్న కొడుకుని లేపి, గోపాలపట్నంలోని మా డాబా మీద కుండీల చుట్టూ కర్రలు నిలబెట్టించి తాళ్లు కట్టించింది. మా ఆయన మారు మాట్లాడకుండా కట్టేశాడు. తల్లి మాట వినడంలో పావు వంతు నా మాట వింటే ఈ ఇల్లు ఎప్పుడో బాగుపడేది. ఆ పందిరి మీద ఇప్పుడు మా బట్టలు ఆరుతున్నాయి.

మా అత్తది విజయనగరం వైపు పల్లె. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మట్టిలోనే బతికింది. ఆవిడ చెయ్యి చల్లనిదని ఊళ్లో పేరు. బీర పెట్టినా ఆనప పెట్టినా తొలి గింజ ఆవిడ చేతే వేయించుకునేవాళ్లట. మావగారు పోయాక అది ఆగిపోయింది. ఎవరూ మానెయ్యమనలేదు, అలాగని ఎవరూ పిలవనూ లేదు. మా దగ్గరికి వచ్చాక కూడా అంతే. నేను డాబా మీద వంగ వేస్తున్నా బెండ వేస్తున్నా స్టూలు మీద కూర్చుని "అంత లోతుకి ఏసేత్తన్నావేటే, పైకి తియ్యి" అని అజమాయిషీ చేస్తుంది గానీ గింజ ముట్టుకోదు. ఎందుకని అడిగితే ఒకటే మాట.

"బొట్టు నేని సెయ్యి తగిల్తే పిందె నిలవదే."

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏళ్ల తరబడి ఊరందరికీ కాయలు కాయించిన చెయ్యి ఒక్క రోజులో చెడిపోతుందా? కానీ ఎవరితో పోట్లాడను? ఎదురుగా ఉన్నది ఆవిడే.

చలి మొదలైన వారంలో మద్దిలపాలెం వెళ్లినప్పుడు విత్తనాల షాపులో జుకిని ప్యాకెట్ కనిపిస్తే తెచ్చాను. మట్టి, కోకోపీట్ అనే కొబ్బరిపొట్టు, పేడ ఎరువు కలిపి రెండు పెద్ద కుండీలు నింపాను. మా అత్త అరచెయ్యి తెరిచి గింజలు పోసి, పిడికిలి మూసేశాను.

"ఇది మన దేశపు కాయ కాదత్తా. దీనికి మన పట్టింపులేవీ తెలీవు. వెయ్యి" అన్నాను.

"ఓలమ్మా, నీ నోటికి దండమెట్టాల" అని నవ్వింది. నవ్వుతూనే వేసింది. గింజ నొక్కేముందు ప్రతిసారీ ఆవిడ వేళ్లు కొంగుకి తుడుచుకోవడం చూసి, అప్పుడు పట్టుకుంది నాకు భయం. కాస్తే సరే. కాయకపోతే? ఆవిడ నమ్మినదానికి నేనే సాక్ష్యం తెచ్చిచ్చినట్టు అవుతుంది. మా ఇంట్లో ఎవరికీ జుకిని తినాలని అంత ఆశేం లేదు. నాకు మాత్రం ఆ చెట్టు కాయాలి, అంతే.

మొక్కలు ఏపుగా లేచాయి. పోర్టు వైపు నుంచి గాలి తిరిగిన రోజుల్లో ఆకుల మీద నల్లటి దుమ్ము పేరుకుంటే తడిగుడ్డతో తుడిచేవాళ్లం. మంచుకి ఆకుల మీద తెల్లగా బూడిద తెగులు కనిపించగానే మా అత్త పులిసిన మజ్జిగ నీళ్లలో కలిపించి కొట్టించింది. పాడైన ఆకులు కోసి అవతల పారేయించింది. నీళ్లు ఆకు మీద పడనిచ్చేది కాదు. "మొదట్లో పొయ్యి. నెత్తి మీద పోత్తే తాగుద్దేటి?" అని గదమాయించేది. పొద్దున్నే నాకన్నా ముందు డాబా ఎక్కేది. ఆవిడ మొహంలో కళ చూసి నేను కూర ఎలా వండాలో కూడా ఆలోచించడం మొదలెట్టాను. "ఆలు లేదు చూలు లేదు" అని మా ఆయన ఎగతాళి చేశాడు.

ఆయన నోట ఏ ముహూర్తాన వచ్చిందో గానీ, పిందెలు నిలవలేదు. ఆడపువ్వు వెనక వేలెడంత పిందె పడేది. చూసి మురిసిపోయేలోపే కొస పసుపెక్కి, మెత్తబడి, కుళ్లి రాలిపోయేది. ఒకటి కాదు, వచ్చిన ప్రతిదీ అంతే. వేపనూనె కొట్టాను, ఎరువు మార్చాను, నీళ్లు తగ్గించాను, మళ్లీ పెంచాను. మా అత్త మాత్రం అజమాయిషీ మానేసింది. సాయంత్రాలు స్టూలు ఖాళీగా ఉండేది.

"నాను ముందే సెప్పినాను. నువ్వు ఇన్నేదు" అంది ఒకరోజు, అన్నం కలుపుకుంటూ. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అనేసింది.

ఆ మధ్యాహ్నం ఫోన్‌లో వీడియోలన్నీ తిరగేశాను. రహస్యం ఏమీ లేదు. తేనెటీగలు రాని డాబాల మీద మగపువ్వు పుప్పొడిని మనమే ఆడపువ్వుకి అద్దాలట. మర్నాడు తెల్లారేసరికి పైకి వెళ్లాను. ఆడపువ్వు విచ్చుకుని ఉంది. మగపువ్వు మాత్రం ఒక్కటీ లేదు. ఆకుల కింద వెతికితే తుంచేసిన కాడలు కనిపించాయి. నా కోపం నషాళానికి అంటింది. మా వీధిలో పొద్దున్నే కవరు పట్టుకుని ఎదుటివాళ్ల మందారాలు కోసుకునే భక్తులు చాలామందే ఉన్నారు గానీ, డాబా ఎక్కి వచ్చేంత భక్తి ఎవరికుంది? తిట్టుకుంటూ కిందికి దిగాను. హాల్లో మావగారి ఫొటో. రోజూ ఏదో పువ్వు ఉంటుందని నేనెప్పుడూ తేరి చూడలేదు. ఫొటో మీద మంచు తడి ఆరని పసుపు పువ్వు.

మా అత్త అప్పుడే అగరొత్తి వెలిగిస్తోంది.

"అత్తా! రోజూ ఈ పువ్వేనా పెడుతున్నావు?"

"మీ మావకి గుమ్మడి పువ్వంటే పేణం. ఇదీ అలాగే ఉంది కదా. పోతుపువ్వే తెంపినానే, పిందెనేటీ ముట్టనేదు. ఊల్లో బుట్టల్తో తెంపీవోల్లం, అయినా కాయలాగీవి కాదు."

"ఊళ్లో చేను నిండా తీగలు. ఇక్కడున్నవి రెండు మొక్కలు. రోజుకి ఒక మగపువ్వు పూస్తే గొప్ప. అది కాస్తా మావయ్యకి పెట్టేస్తే ఆడపువ్వుకేం మిగిలింది? కాయ ఎలా నిలుస్తుంది?"

అగరొత్తి ఫొటో ముందు గుచ్చి, ఆ పువ్వుని తిప్పి చూసింది. ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేని సంగతి అది, ఆవిడకి తెలియక కాదు. నా వైపు తిరిగి అడిగింది.

"అయితే నా సెయ్యి కాదేటే?"

"నీ చెయ్యి కాదు."

"ఒట్టు?"

"మావయ్య మీద ఒట్టు."

అక్కడే గచ్చు మీద కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. మా ఆయన షిఫ్ట్ నుంచి వచ్చి మా ఇద్దర్నీ చూసి, ఎవరు పోయారోనని హడలిపోయాడు.

మర్నాడు పైకి వెళ్లే ముందు ఆవిడ ఫొటో దగ్గర ఆగింది. "ఇయ్యాల నీకు పువ్వు నేదు మావా. పైన పనుంది" అని చెప్పి మెట్లెక్కింది. అదృష్టం కొద్దీ ఆ రోజు ఆడపువ్వూ మగపువ్వూ రెండూ విచ్చాయి. మగపువ్వు కోసి రేకలు తీసి ఆవిడ చేతికిచ్చాను.

"పెళ్లి లాంటి పనే ఇది. నాను సెయ్యకూడదు, నువ్వు సెయ్యి" అంది.

"నాకు ఇలాంటివి చేతకావు" అని చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

నా వాలకం చూసి నవ్వింది. తర్వాత వంగి, ఆడపువ్వు మధ్యలో నెమ్మదిగా అద్దింది. ఈసారి వేళ్లు కొంగుకి తుడుచుకోలేదు.

ఆ పిందె నిలిచింది. దాని వెనక మరొకటి, ఆ తర్వాత ఇంకొకటి. లేతగా కోసి ఆవ పెట్టి వండితే మా ఆయన "ఇంతా చేసి ఆనపకాయే కదా" అన్నాడు. అన్నవాడు మూడుసార్లు వేయించుకున్నాడు.

ఒక కాయని మాత్రం మా అత్త కోయనివ్వడం లేదు. చేతికి గట్టిగా తగిలేంత ముదిరిపోయింది. కాయ ముదిరితే కొత్త పిందెలు తగ్గుతాయని పోట్లాడాను. వినదు. నిన్న సాయంత్రం మళ్లీ మొదలెట్టాను. పైగా ప్యాకెట్ మీద హైబ్రిడ్ అని ఉంది, దాని గింజ మొలిచినా ఏం కాస్తుందో చెప్పలేం అనబోయాను.

స్టూలు మీద కూర్చుని ఆ కాయనే చూస్తూ మా అత్త అంది: "ఇత్తనానికి ఉంచినానే దాన్ని. వచ్చే ఏడు గింజ నానే ఏత్తాను. నువ్వు నీల్లు పొయ్యి, సాలు."