అంబిక చేతి రఫూ

దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు చీరల షాపుల నడుమ, మెట్ల కింద కూర్చుంటుంది అంబిక. ఆమె పని రఫూ. చిరిగినచోట పోగుకు పోగు అల్లి, చిరుగు ఆనవాలు లేకుండా చేయడం. పద్దెనిమిదేళ్ల క్రితం మీర్‌పేట్ నుంచి వచ్చి మలక్‌పేటలో ఒక డ్రైక్లీనింగ్ షాపులో గుండీలు కుట్టే పనికి చేరింది. అక్కడ రఫూ చేసే ఖాదర్ సాబ్ ఆమె ఓపిక చూసి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మొదటి ఏడాదంతా పాత గుడ్డల్లోంచి పోగులు తీయించాడు. పోగు తెగితే తిట్టేవాడు కాదు, ఇంకో గుడ్డ ఇచ్చేవాడు.

కిందటేడు ఎండాకాలంలో నాగోల్ నుంచి శేషారత్నం అనే ఆవిడ ఒక నల్లకోటు తెచ్చింది. అది ఆమె తల్లి సీతామహాలక్ష్మి తెనాలిలో ప్లీడరుగా ఉన్నప్పుడు వేసుకున్నది. అరవై ఏళ్ల నాటి ఆ కోటు గుడ్డ సన్నటి ఉన్ని, పసిపిల్ల జుట్టంత మెత్తన. తొమ్మిదిచోట్ల పురుగు కొట్టేసింది.

"మూడు షాపులు తిరిగానమ్మా, పారేయమన్నారు. మా అమ్మాయి అలేఖ్య వచ్చే నెల లాయరుగా చేరుతోంది. అమ్మమ్మ కోటే వేసుకుంటానంటోంది."

అంబిక కోటును వెలుతురుకు పట్టి చూసింది. "గింత సన్న ఉన్ని నేనెప్పుడు ముట్టలే అమ్మా. గీ దారం బయట దొరకది. కోటు లోపలనే దొరికితే చేస్త. లేకపోతే ఉన్నదున్నట్టు చెప్పి వాపస్ ఇస్త."

దారం కోసం ముందు కోటు చేతుల అంచు మడతలు విప్పింది. అక్కడి గుడ్డను ఎవరో ఎప్పుడో కత్తిరించేశారు. రెండు రోజులు వెతికితే లోపలి జేబు వెనక జానెడు పట్టీ దొరికింది. కానీ ఎండ తగలని ఆ నలుపు కోటు నలుపు కంటే చిక్కన. తీసిన పోగులను నాలుగు రోజులు ఎండలో ఉంచింది. రంగు కలిసేదాకా సూది పట్టలేదు. భుజం మీది చిల్లు పూర్తయ్యాక గుడ్డ కొంచెం ముడుచుకుంది. రెండు పూటల పని విప్పేసి మళ్లీ మొదలుపెట్టింది.

పని అయ్యాక కోటు తీసుకుని మలక్‌పేట వెళ్లింది. ఖాదర్ సాబ్‌కు ఇప్పుడు కళ్లు కనిపించవు. కోటు ఒళ్లో పరుచుకుని, తొమ్మిది రఫూలు ఎక్కడున్నాయో వేళ్లతో తడిమి వెతికాడు. చాలాసేపటికి వీపు దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ ఉంది బేటీ."

"అది మిల్లుల పడ్డ ముడి సాబ్. నా పని కాదు."

ఆయన మళ్లీ తడిమి తల ఊపాడు. "అవును, నీది కాదు. నీవి తొమ్మిదిట్ల ఒక్కటి దొరకలే. నా చేతితోని గూడ గిట్ల ఎప్పుడు కాలే."

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో అంబిక కోటు సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అందులో ఏముందని ఎవరైనా అడిగితే బాగుండుననిపించింది.

మర్నాడు శేషారత్నం కూతురితో వచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని కోటంతా వెతికింది. "చిల్లులెక్కడమ్మా? ఒక్కటన్నా చూపించు."

"చూపియ్యనమ్మా. కోర్టుల ఎవరన్న కనిపెడ్తే అప్పుడు తీస్కరాండ్రి."

అలేఖ్య కోటు తొడుక్కుంది. భుజాలు సరిగ్గా కుదిరాయి. "చేతులు మీదికి లేపు బిడ్డా," అంది అంబిక. అలేఖ్య లేపింది. గుడ్డ ఎక్కడా పట్టేయలేదు.

ఏడాది అయింది. అలేఖ్య ఎల్‌బీ నగర్ కోర్టుకు ఆ కోటులోనే వెళుతోంది. ఆమె చెప్పగా విని ఇద్దరు సీనియర్ లాయర్లు తమ పాత కోట్లు అంబికకు పంపారు. అంబిక ఒకటి తీసుకుంది. రెండోది మిషను కుట్టుతో సరిపోతుందని చెప్పి తిప్పి పంపింది.