పెట్టె మాస్టారి మూట విడిపోయిన రోజు

పెట్టె మాస్టారు ఇస్త్రీ చేసిన చొక్కా మడత మీద వాలి ఒక ఈగ కాలు తెగ్గోసుకుందని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఈగ వాలడం చూసినవాళ్ళు ఇద్దరే, అది కుంటుకుంటూ ఎగిరిపోవడం చూసినవాళ్ళు మాత్రం వీధంతా. ఎగిరేదానికి కుంటేమిటని అడిగేవాళ్ళు పెద్ద చదువులు చదివినవాళ్ళు. వాళ్ళతో మనకి పనిలేదు.

మాస్టారు చదివింది ఏడు, అదీ సగమే. మిగతా చదువంతా బట్టలే చెప్పాయి. చొక్కా మెడ వెనకాల చిన్న గుడ్డముక్క కుట్టి, పిండొద్దు, బ్లీచ్ పెట్టొద్దు, ఎండలో ఆరెయ్యొద్దు అని ఇంగ్లీషులో రాసుంటుంది కదా, ఆయన మొదటి పాఠాలు అవే. అందుకే కొత్తలో ఆయన ఇంగ్లీషంతా హుకుములే. ఒకరోజు ఇస్త్రీ కొట్టుకి వచ్చిన ఒక తెల్లదొరని పలకరిద్దామని "డు నాట్ బ్లీచ్!" అన్నారు. పాపం, ఆయన హడలిపోయి ప్యాంటు కూడా తీసుకోకుండా పోయాడు. తర్వాత ఒక కోటు జేబులో ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకం దొరికింది. కోటు మనిషి మళ్ళీ రాలేదు. కోటు ఇంకా మేకుకే ఉంది, పుస్తకం మాత్రం మాస్టారి బుర్రలోకి దిగిపోయింది.

మధ్యాహ్నం పని పలచబడే వేళకి డ్రైవర్లు, బట్టల షాపు అమ్మాయిలు ఇంగ్లీషు కోసం వచ్చేవారు. ఫీజు లేదు. కాకపోతే ఎవరైనా చేతులు ముడుచుక్కూచుంటే మాస్టారికి ఒళ్ళుమంట. "నోటి పని నోటిది, చేతి పని చేతిది" అంటూ ఒకరి ముందు తువ్వాళ్ళు, ఒకరి ముందు దుప్పట్లు పడేసేవారు. మడతలు పెడుతూనే పాఠం.

"ఏమయ్యోయ్, చదువు చెబుతున్నావా, జీతంలేని పనోళ్ళని పెట్టుకున్నావా?" అనేది ఆయన భార్య, బట్టలకి గుర్తులు కుడుతూ.

ఆ బడిలో అందరికన్నా పాత విద్యార్థి సొంత కోడలే. వీధి చివరి హోటల్లో గదులు ఊడ్చే పని ఆమెది. ఎప్పటికైనా అదే హోటల్లో ముందు కౌంటరు దగ్గర నిలబడి వచ్చేవాళ్ళకి గదులివ్వాలని ఆశ. మేనేజరు మూడుసార్లు పిలిచి పరీక్ష పెట్టాడు. మూడుసార్లూ నోట మాట రాక తిరిగొచ్చింది. ముప్పై అయిదు దాటితే ఆ ఉద్యోగం ఇవ్వరు. వచ్చే నెలకి ఆమెకి ముప్పై ఆరు. అంటే ఈ నాలుగోసారే ఆఖరు.

కొట్లో ఆమె తడబడేది ఒక్క డబ్బు దగ్గరే. గది అద్దె చెప్పమంటే "టూ థౌజండ్ ఆర్ ద రెంట్" అనేది.

"రెండు వేలు కదా మామయ్యా! అన్ని ఉంటే ఆర్ అనొద్దూ?"

మాస్టారు ఇరవై చొక్కాలు మూటగట్టి ఆమె చేతుల్లో పెట్టారు. "ఏం మోస్తున్నావమ్మాయ్?"

"ఇరవై చొక్కాలు."

"అవి లోపలున్నవి. చేతిలో ఎన్నున్నాయి?"

"ఒక్క మూట."

"అద్దే అంతే! రెండు వేలన్నది కలిపి ఒక్క ధర. కాబట్టి ఈజ్. అదే మూట విప్పి నోట్లు బల్లమీద విడివిడిగా పరిచావనుకో, ద నోట్స్ ఆర్ ఆన్ ద టేబుల్. మనం మాత్రం, రెండు వేలవుతుంది అనమూ? ఆ మాత్రం బుర్ర ఇంగ్లీషువాడికి ఉండదా?"

"ఉంటే నీతో డు నాట్ బ్లీచ్ అనిపించుకుని పోతాడా?" అంది భార్య దారం కొరుకుతూ.

ఆ మూటతో కోడలి తడబాటు తీరిపోయింది. ఆపైన దుప్పట్లు మడుస్తూ ధరలు చెబుతుంటే టీవీలో వార్తలు చదివేవాళ్ళు సెలవు పెట్టాల్సిందే.

పరీక్ష రోజు హోటల్‌కి ఇవ్వాల్సిన నలభై దిండు గలీబుల మూట మాస్టారే భుజానేసుకుని వెళ్ళారు. పైకి పని అదే. అసలు పని కోడలి పరీక్ష చూడ్డం. ముప్పై ఏళ్ళలో ఆయన మూట ఒక్కటీ నేల తాకలేదు. ఆ మాటే చెప్పుకుని నలుగురిలో మీసం మెలేసే మనిషి.

హోటల్ ముందు హాల్లో మేనేజరు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కోడలు. అద్దె ఎక్కువని గొడవపడే మనిషికి ఏం చెబుతావని ఇంగ్లీషులో అడిగాడు. ఆమె నోరు తెరిచింది. మాట లేదు. మేనేజరు గడియారం చూసుకున్నాడు.

మాస్టారు ఆమె మొహం చూడలేక కిందికి చూశారు. ఆమె వేళ్ళు గాలిని మడతపెడుతున్నాయి.

అప్పుడు తట్టింది. 'కొట్టు దాటితే రావట్లేదు మాస్టారూ' అని డ్రైవర్లు ఎన్నిసార్లు మొత్తుకున్నారో! బద్ధకమని తిట్టిపోశారు. బద్ధకం కాదు. వాళ్ళ నోళ్ళు చేతుల వెంట నడవడం మరిగాయి. నేర్పింది తానే.

భుజం మీది మూట దించి ముడి లాగేశారు. నలభై గలీబులూ హాలంతా జారిపోయాయి.

"కళ్ళు కనబడవా పెద్దాయనా?" మేనేజరు లేచాడు.

కోడలు అప్పటికే మోకాళ్ళ మీద ఉంది. ఒక మడత. రెండో మడత. "సారీ సర్, ద పిల్లో కవర్స్ ఆర్ ఆన్ ద ఫ్లోర్," అంది. తలెత్తకుండానే, "టూ థౌజండ్ ఈజ్ ద రెంట్, సర్," అని మొదలుపెట్టి, ఆ అద్దెలో ఏమేమొస్తాయో, తగ్గించడం ఎందుకు కుదరదో, కావాలంటే ఏ చిన్న గది ఉందో గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోయింది. మేనేజరు కోపం మరిచి ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. ఆమె మడత మీద మడత పెట్టింది. పైకెళ్ళాల్సిన లిఫ్టు కూడా వినడానికి ఆగిపోయిందంటారు. కరెంటు పోయిందనేవాళ్ళు ఓర్వలేనివాళ్ళు.

నలభయ్యో గలీబు దొంతెర మీద పెట్టి ఆమె లేచింది.

"ఇంత రభసలో నీ చెయ్యి తడబడలేదు, మాట తడబడలేదు. ఒకటో తారీఖు నుంచి కౌంటరుకి రా," అన్నాడు మేనేజరు. మాస్టారి వైపు తిరిగి, "నువ్వు మాత్రం ఇవన్నీ ఉతికి, మళ్ళీ ఇస్త్రీ చేసి తే. పైసా ఇవ్వను. ఇంకోసారి పడేస్తే వేరే కొట్టు చూసుకుంటాం."

"చెయ్యి జారింది సార్," అన్నారు మాస్టారు.

దారిలో కోడలు మూటకి రెండో పక్క పట్టుకుంది. "మీ ముడి ఏనుగు లాగినా ఊడదు కదా మామయ్యా."

"ముసలాణ్ణయ్యానమ్మాయ్. సరిగ్గా పట్టుకో, మడతలు పోతాయి."

మర్నాడు మధ్యాహ్నం తువ్వాళ్ళ కోసం చేతులు చాచిన డ్రైవర్లని ఆయన వారించారు. "ఇవాళ అందరూ చేతులు వెనక్కి పెట్టుకుని మాట్లాడాలి." ఒక డ్రైవరు వెనక్కి పెట్టిన చేతులతోనే గాలిని మడతపెట్టడం మొదలెట్టాడు.

"ముందు నువ్వు చెప్పి చూపించవయ్యా," అంది భార్య.

మాస్టారు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టారు. చేతులు వెనక్కి కట్టుకుని గొంతు సవరించుకున్నారు. నోరు తెరిచారు. మూశారు. చెవులు ఎర్రబడ్డాయి. కోడలు నవ్వాపుకుంటూ, కానివ్వండన్నట్టు తలూపింది.

"డు నాట్ బ్లీచ్," అన్నారు మాస్టారు.