ఐదుగురికే అందిన బోనాల పిలుపు

ఎడమ చెయ్యి సెల్‌ఫోన్ మీద, కుడి చెయ్యి గుండె మీద పెట్టి చెబుతున్నాను. ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నా ఫోన్ మళ్లీ చార్జింగ్ ఎక్కకూడదు.

ఆ ఆషాఢంలో ఫోన్‌లో షేర్ బటన్ మారింది. అంతకుముందు ఒక్క నొక్కుకు ఊరంతటికీ పోయే మెసేజీ, ఇక ఒకసారికి ఐదుగురికే పోతుందట. పొద్దున్నే అందరికీ పూల బొమ్మలు పంపే మా బావ భగ్గుమన్నాడు.

"ఐదుగురికేనా గుడ్ మార్నింగ్? మిగిలినోళ్లకు తెల్లారద్దా?"

రెజిమెంటల్ బజార్‌లో ఉండే మా అక్కకు ఇదేమీ పట్టలేదు. ఏటా లాగే బోనాల దావత్ పిలుపు పంపేసి, అందరికీ చేరిందనుకుని బోనం కుండకు సున్నం పూస్తూ కూర్చుంది. తీరా అది చేరింది ఫోన్‌లో పైపైన ఉన్న ఐదుగురికి: గ్యాస్ బండాయన, టైలరు, పాలాయన, కేబుల్ ఆయన, మటన్ కొట్టాయన.

పద్మారావు నగర్‌లో బావ వాళ్ల అక్క ఉంటుంది. మొదటి పిలుపు ఇంటి ఆడబిడ్డకే అందాలి. ఆమె బొట్టు పెట్టనిదే మా అక్క బోనం తలకెత్తుకోదు. ఆమె అదే కొట్టులో మటన్ కొనబోతే, కొట్టాయన "ఆదివారం మీ తమ్మునింట్ల కలుద్దాం, అమ్మా" అన్నాడు.

మరుక్షణం అక్క ఫోన్ మోగింది.

"ఏందే, మటన్ కొట్టాయన యాదికొచ్చిండు, ఆడబిడ్డ యాదికి రాలేదా?"

"అయ్యో, ఒట్టు వదినె! ఫోనోళ్లు ఐదుగురే అన్నరంట."

"నీకు చుట్టాలెందరుండాల్నో ఫోనోడు చెప్తడా? నేను రాను, పో!"

ఆదివారానికి ఇంకా రెండు రోజులే. అక్క కుంకుమ భరిణె పట్టుకుని ఆటో ఎక్కింది, వెంట నేను. గడపలోనే బొట్టు పెట్టబోతే ఆడబిడ్డ మొహం తిప్పుకుంది. అక్క ముక్కు ఎగబీల్చడం విని మళ్లీ ఇటు తిప్పింది.

"సక్కగ పెట్టు, ముక్కు మీద రాలుతుంది. ఇంకెవరికి చెప్పాలె?"

"అందరికీ, వదినె."

"జెర ఆగు. చీర మార్చుకొని వస్త. ఇద్దరం పోదాం."

ఆదివారం ఆమె బొట్టు పెట్టింది, అక్క బోనమెత్తింది. కేబుల్ ఆయన పెళ్లాం పిల్లలతో వచ్చి బగారన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు. ఆడబిడ్డ నా ప్లేటులో మూలుగ నిండిన నల్లిబొక్క వేసి, "పాపం, మీ అక్కకు ఫోన్ తెల్వది" అంది.

ఆ బొక్క నాకు గొంతు దిగలేదు. కాబట్టి ఒప్పుకుంటున్నాను: అక్క పంపిందన్నది ఒక్కటే కల్పన. "తమ్మీ, అందరికీ పంపు" అని ఆమె ఫోన్ నా చేతికిచ్చింది. క్రికెట్ చూస్తూ నొక్కాను. ఐదు దగ్గర అది ఆగింది, నేనూ ఆగాను. అక్క ఈ సంగతి ఆడబిడ్డకు ఈరోజుకీ చెప్పలేదు.